అంకె కింద వంకర గీత

మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషిని నేను అన్నా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఇద్దరం డ్రాఫ్ట్స్‌మన్లం. ఆర్కిటెక్టు ఊహించిందీ, ఇంజనీరు లెక్క కట్టిందీ తీసుకుని, కట్టే మేస్త్రీకి అర్థమయ్యేటట్టు కాగితం మీదికి దించే పని మాది. నాది అనంతపురం వైపు. ఆయనది ఇక్కడే గోపన్‌పల్లి, అది ఇంకా ఊరుగా ఉన్నప్పుడు పుట్టినవాడు. ఇప్పుడు ఆయన నా పక్కన లేడు. బతికే ఉన్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లు అనవసరంగా కంగారు పడకూడదు కదా. కానీ ఆయన ఆఫీసు వదిలి వెళ్లిన తీరు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నేను చేరినప్పుడు మా ఆఫీసు ఇప్పటిలాగా మాదాపూర్‌లో లేదు. సిటీలో ఒక పాత బిల్డింగు మేడ మీద ఉండేది. ఏటవాలు బోర్డులు, అడ్డగీతలకు టి-స్క్వేర్లు, వెలుతురుకు పెడితే అవతలిది కనిపించే ట్రేసింగ్ షీట్లు. సిరాతో గీసింది తప్పయితే బ్లేడుతో మెల్లగా గీకి తీసేయాలి. నేను గీకితే షీటుకు చిల్లు పడేది. అన్న గీకితే అక్కడ ఒకప్పుడు తప్పు ఉండేదని ఎవరికీ తెలిసేది కాదు. నేను చేరిన మొదటి వారమే నా షీటు చూసి, "మంచిగనే ఉన్నది తమ్మీ, గీసినదానికన్న గీకింది ఎక్కువున్నది, గంతే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా వైపు మనుషులకు ఆ మాత్రం మాట చాలు. మర్నాడు వచ్చేసరికి నా బోర్డు మీద ఒక కొత్త బ్లేడు పెట్టి ఉంది. ఎవరు పెట్టారో అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి అన్నం తిన్నాం.

అన్నకు మెట్లంటే ఇష్టం. మామూలుగా మెట్లు గీయమంటే మాలో చాలామంది తల గోక్కుంటాం. ఒక్కో మెట్టు ఎంత ఎత్తు, మలుపు దగ్గర ఎంత ఖాళీ, పైకి వెళ్లేవాడి తల స్లాబుకు తగులుతుందా, ఇవన్నీ ఒకేసారి బుర్రలో ఉండాలి. అన్న కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, చెప్పులోంచి బొటనవేలు కదిలిస్తూ ఒక్కో మెట్టూ ఎక్కేవాడు. పైకి చేరాక కళ్లు తెరిచి పెన్సిలు అందుకునేవాడు. "ఏమన్నా, ఆయాసం వచ్చిందా? నీళ్లు తెమ్మంటావా?" అని ఏడిపించేవాణ్ణి. "లిఫ్టుల పోయెటోనివి, నీకేం తెలుస్తది" అనేవాడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. బోర్డులు లారీకి ఎత్తిన రోజు నేను సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను, ఇక నా పని అయిపోయిందని. అన్న మాత్రం బెదరలేదు. నల్లటి తెర, దాని మీద తెల్లటి గీతలు. "గీత గీతనే కద తమ్మీ, చేతిల పెన్ను లేదు, గంతే" అన్నాడు. తనే ముందు నేర్చుకున్నాడు. నాకు మౌసు పట్టుకోవడం కూడా వచ్చేది కాదు, బల్ల అంచుదాకా లాగి ఇక చోటు లేదని కూర్చునేవాణ్ణి. ఆయన నా చేతి మీద చెయ్యి వేసి, మౌసును పైకెత్తి మళ్లీ మధ్యలో పెట్టడం చూపించాడు. ఆ రోజుల్లో ఆయన లేకపోతే నేను అనంతపురం తిరిగి వెళ్లి జిరాక్సు షాపు పెట్టుకుని ఉండేవాణ్ణి. ఇది మర్యాదకు చెప్తున్న మాట కాదు.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి, బయటివాళ్లకు తెలియదు. డ్రాయింగంతా అయిపోయి, షీట్లు పంపించే గడియలో ఇంజనీరు ఫోన్ చేస్తాడు. ఫలానా చోట వెడల్పు ఇంకో ఆరంగుళాలు పెరగాలంటాడు. అప్పుడు మళ్లీ అంతా గీసే టైము ఎవరికుంది? గీతల్ని ఉన్నచోటే ఉంచి, కొలత అంకె ఒక్కటి మార్చేస్తాం. మార్చిన అంకె కింద చిన్న వంకర గీత వేస్తాం. బొమ్మను చూడొద్దు, అంకెను నమ్ము అని దానర్థం. సైటులో మేస్త్రీకి ఆ గీత కనపడితే స్కేలు పక్కన పెట్టి అంకె ప్రకారం కట్టుకుంటూ పోతాడు, ఏ గోడ జరపాలో ఇంజనీరును అడిగి తెలుసుకుంటాడు. బోర్డుల మీద ఇదే చేశాం, కంప్యూటర్ల మీదా ఇదే చేశాం. అన్న వేసే వంకర గీత నేను ఎక్కడున్నా గుర్తుపడతాను, చివరి వంపు కొంచెం పొడుగ్గా సాగి ఉంటుంది.

మాదాపూర్‌కు మారాక మాది అద్దాల బిల్డింగులో ఒక అంతస్తు అయింది. ఏసీ చలికి అన్న ఎండాకాలంలో కూడా హాఫ్ స్వెటరు వేసుకుని కూర్చునేవాడు. కొత్తగా చేరేవాళ్లంతా మా పిల్లల వయసువాళ్లు. ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడుతూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి పని వాళ్లు చేసుకుపోయేవాళ్లు. మమ్మల్ని సార్ అనేవాళ్లు. మంచి పిల్లలే. మాకూ వాళ్లకూ మధ్య పేచీ ఏమీ ఉండేది కాదు.

కిందటేడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. దీనిలో గీతతో పని లేదు. గోడ కావాలంటే ఇది గోడ అని చెప్పాలి. ఎంత మందం, ఏ అంతస్తులో మొదలై ఏ అంతస్తుదాకా వెళ్తుంది, ఇటుకా కాంక్రీటా, అన్నీ చెప్పాలి. చెప్పుకుంటూ పోతే కంప్యూటరు లోపల ఒక బిల్డింగు నిలబడుతుంది, దాన్నే మోడల్ అంటారు. దాన్ని పైనుంచి చూస్తే ప్లాను, పక్కనుంచి చూస్తే ఎలివేషన్. ఇంకో సంగతి ఏంటంటే ఆఫీసంతా ఆ ఒక్క బిల్డింగులోనే పని చేస్తాం. నేను ఇక్కడ గోడ లేపితే, పైపులు గీసే మనిషికి అక్కడ కనపడుతుంది.

మా ఆఫీసు నడిపే పెద్దసారు మీటింగు పెట్టాడు. దసరా అయ్యాక ఒక ఆసుపత్రి ప్రాజెక్టు మొదలవుతుంది, ఇక నుంచి డ్రాయింగు పనంతా కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే, అప్పటికి పట్టుబడనివాళ్లు ప్లాట్ రూములో పని చూసుకుంటారు అన్నాడు. ప్లాట్ రూమంటే షీట్లు ప్రింటు తీసి, మడత పెట్టి, కవర్లలో పెట్టే గది. దానికి కిటికీ లేదు. ఉద్యోగాలకేం ఢోకా లేదని సారు పదే పదే చెప్పాడు. ఆయన చెప్పిన కొద్దీ అన్న ముఖం వాడిపోయింది.

కింద చాయ్ బండి దగ్గర గ్లాసు పట్టుకుని అన్న తాగకుండా నిలబడ్డాడు. "కాయితాలు మడతలు పెట్టెటందుకు రాలేదు తమ్మీ నేను. గీసెటందుకు వచ్చిన. గీసుడు బందైతే ఇగ నేనెవరిని?"

"అట్లా ఎందుకవుతుందన్నా? అప్పుడు నువ్వు నన్ను గట్టెక్కించలేదా? ఈసారి నేను గట్టెక్కిస్తా, ఫికర్ పడొద్దు" అన్నాను. ఫికరనే ఆయన మాటే ఆయనకు అప్పజెప్పేసరికి కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను నిజంగానే మాటిచ్చినట్టు అనుకున్నాను.

మాకు నేర్పడానికి పెట్టిన అమ్మాయిది భీమవరం దగ్గర. మా టీముకు తనే లీడు. పొద్దున ఆఫీసు మొదలయ్యే ముందు వచ్చి నేర్పుతానని తనే అంది. నేను బాచుపల్లి నుంచి స్కూటరు మీద, స్కూలు బస్సుల మధ్య పడుతూ లేస్తూ వచ్చేవాణ్ణి. నేను వచ్చేసరికి అన్న ఎప్పుడూ కూర్చునే ఉండేవాడు, పలక పట్టుకుని బడికి ముందే వచ్చేసిన పిల్లవాడిలాగా. ఆ అమ్మాయి హాస్టల్లో టిఫిన్ మానుకుని వస్తోందని తెలిసి, వదిన రోజూ అన్న చేతికి ఇంకో డబ్బా ఇచ్చి పంపేది. అన్న ఆ అమ్మాయిని బిడ్డా అనేవాడు.

మొదట్లో ఒకరోజు చిన్న ఇల్లు ఒకటి చేసి చూపించమంది. నేను ఒక గోడ నిలబెట్టి, రెండోది ఎందుకు నిలబడటం లేదో తెలియక కంప్యూటరును తిడుతున్నాను. అన్న అప్పటికే అయిపోయిందన్నాడు. చూస్తే ముచ్చటగా ఉంది. గదులు, తలుపులు, లోపల మెట్లు, వంటింట్లో గట్టుతో సహా. "అబ్బ, ఎంత బావుందండి సార్" అంటూ ఆ అమ్మాయి నిలబడిన ఇల్లు చూద్దామని బొమ్మను పక్కకు వంచింది. ఏమీ లేదు. ఇల్లంతా వాకిట్లో ముగ్గులాగా నేలకు పరుచుకుని ఉంది. అన్న అన్నీ గీతలతోనే గీసేశాడు, అందులో ఒక్కటీ గోడ కాదు. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఆ మాత్రం కూడా ఆపుకోలేదు, పకపకా నవ్వేశాను. "ముగ్గన్న మంచిగొచ్చింది కద బిడ్డా" అని అన్న కూడా నవ్వాడు. తర్వాత మేం ఇద్దరం వేరే మాటల్లో పడ్డాం, అన్న మాత్రం తెర మీది ఆ ముగ్గును చూస్తూనే ఉన్నాడు.

"గీత గీస్తే దానికి అర్థం కాదండి సార్. అదేంటో చెప్పాలి" అని ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

"అన్ని ముందుగాలనే ఎట్ల తెలుస్తయి బిడ్డా? గోడ ఎంత ఎత్తో ఇంక అనుకోలేదు కద."

"ఏదో ఒకటి పెట్టేయండి. తర్వాత మార్చుకోవచ్చండి."

ఏదో ఒకటి పెట్టేయడం అన్నకు జన్మలో చేతకాలేదు. నాకు బాగా వచ్చు. నేను మొదటి నుంచీ బద్ధకస్తుణ్ణి, పని ఎలా తప్పించుకోవాలా అని చూసే రకం. ఎత్తు తెలియకపోతే నోటికొచ్చిన అంకె కొట్టి ముందుకు పోయేవాణ్ణి. అందుకే నాకు ఆ సాఫ్ట్‌వేర్ తొందరగా పట్టుబడింది. తెలివితేటలేమీ కాదు. అన్న తెర మీద అంకె అడిగే ఒక్కో పెట్టె ముందు ఆగి, ఆలోచించి, సరైన అంకె తెలిస్తే తప్ప కదిలేవాడు కాదు. నేను మూడు అంతస్తులు లేపేసరికి ఆయన ఒక గోడ దగ్గరే ఉండేవాడు. ఆ గోడ మాత్రం కచ్చితంగా ఉండేది.

ఒకరోజు సెక్షన్ చూపించింది. సెక్షనంటే బిల్డింగును పైనుంచి కిందికి కోసినట్టు ఊహించి, లోపల కనపడేది గీయడం. మా పనిలో అదే కష్టం, అదే గొప్ప. ఆ అమ్మాయి ప్లాను మీద అడ్డంగా ఒక గీత లాగింది, అంతే, సెక్షన్ తయారు. మెట్లతో, స్లాబులతో, పునాదితో సహా. నాకైతే పండగలాగా అనిపించింది. అన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. చాయ్ దగ్గరకు వచ్చాక, "పెండ్లయిన కొత్తల ఒక సినిమా హాలు సెక్షన్ పట్టుకున్న తమ్మీ. అదయ్యేదాక ఇంట్ల ఎవలతోని మాట్లాడలే. మీ వదిన కోపమొచ్చి పుట్టింటికి పొయ్యింది" అన్నాడు. నవ్వించడానికే చెప్పాడు. నాకు నవ్వు రాలేదు, ఏదో ఒకటి అనాలని "పోనీలే, ఇప్పుడు వదినకు ఆ బాధ తప్పింది" అన్నాను. అవునన్నట్టు తలూపాడు.

అయినా ఆయన వదల్లేదు. బతుకమ్మ పండగ నాటికి గోడలు నిలబడ్డాయి. ఆ తర్వాత మెట్లు. ఆ సాఫ్ట్‌వేర్‌లో కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు ఎత్తెంతో చెప్తే, మెట్లు ఎన్ని రావాలో అదే లెక్క వేసుకుంటుంది. అన్న దాని లెక్కను నమ్మలేదు. కళ్లు మూసుకుని, బొటనవేలు కదిలిస్తూ, చివరిదాకా ఎక్కి చూశాడు. కళ్లు తెరిచి "కరెక్టే ఉన్నది" అన్నాడు. ఆ గొంతులో కొంచెం నిరాశ వినపడింది నాకు. తప్పు దొరికితే బాగుండునని ఆయన అనుకున్నట్టుంది.

దసరా అయ్యాక ఆసుపత్రి పని మొదలైంది. మెట్లన్నీ అన్నకు ఇచ్చారు. పెద్దసారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి బాగా చేస్తున్నారన్నాడు. ఆ సాయంత్రం నేను మిర్చి బజ్జీలు తెప్పించాను. అన్న రెండు తిని, మిగిలినవి వదినకని కాగితంలో చుట్టుకున్నాడు. మర్నాడు వదిన పాయసం పంపింది, నాకూ, ఆ అమ్మాయికీ వేరువేరు డబ్బాల్లో. ఇక ప్లాట్ రూము బెడద తప్పిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. మళ్లీ పాత రోజులొచ్చినట్టు ఒకర్నొకరు ఏడిపించుకోవడం మొదలుపెట్టాం.

మొదటి విడత షీట్లు పంపాల్సిన రోజు. సాయంత్రం ఆఫీసంతా హడావుడిగా ఉంది. అన్నకు ఫోన్ వచ్చింది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కి పెట్టుకుని, "సార్... ఆరంగుళాలు... వరండా దిక్కు... అట్లనే సార్" అంటున్నాడు. మెట్లకు ఒక పక్క వరండా గోడ, ఇంకో పక్క పైపులు వెళ్లే షాఫ్టు గోడ. మెట్ల వెడల్పు ఆరంగుళాలు పెంచాలి, అందుకు వరండా గోడను జరపాలి, ఇంజనీరు చెప్పింది అదీ. అన్న వేళ్లు కీబోర్డు మీద ఆడాయి. నేను పక్కనే ఉన్నాను, చూశాను కూడా. నాకేమీ తట్టలేదు. పాతికేళ్లకు పైగా నేను ఆయన్ని అలా చూస్తూనే ఉన్నాను కదా.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో అంకె ఒక్కటే మారదు. అంకె మారిస్తే గోడ కదులుతుంది. రెండు గోడల్లో ఏది కదలాలి? మౌసు దేని మీద ఉంటే అది కదులుతుంది. ఈ సంగతి అన్నకు తెలుసు. ఆ అమ్మాయి చెప్పింది, ఆయన తిరిగి నాకు చెప్పి మరీ గుర్తు చేశాడు. కానీ చెవిలో ఇంజనీరు గొంతు, బయట షీట్లు పంపే తొందర, ఆ రెండూ కలిసినప్పుడు ఆయన చేతికి తెలిసింది ఒకటే. అంకె కొట్టేశాడు. వరండా గోడకు బదులు షాఫ్టు గోడ కదిలింది. కింద నుంచి పైదాకా అది ఒకటే గోడ, కాబట్టి అన్ని అంతస్తుల్లోనూ కదిలింది. తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. అలాంటివి రోజూ వస్తాయి, అందరం చదవకుండా కొట్టేస్తాం. ఆయనా కొట్టేశాడు. షీట్లు వెళ్లిపోయాయి.

తర్వాతి వారం పైపుల వాళ్లు గొడవ మొదలుపెట్టారు. షాఫ్టులో పైపులు పట్టడం లేదు, ఇంత సన్నగా ఎవరు చేశారు అని. అందర్నీ మీటింగు రూముకు పిలిచారు. ఎవరు చేస్తున్న పని వాళ్లు అక్కడే వదిలేసి వెళ్లాం. గోడంత తెర మీద ఆ అమ్మాయి ప్లాను తెరిచి, మెట్ల దగ్గరకు తీసుకెళ్లి, పెద్దది చేసి చూపించింది.

"సార్, ఈ అంకె కింద ఇదేంటండి? పురుగులా ఉంది" అని నన్ను అడిగింది.

చిన్న వంకర గీత. చివరి వంపు పొడుగ్గా సాగి ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో అలాంటి గుర్తే లేదు. ఆయన ఎక్కడో వెతికి, గీతలు గీసే పనిముట్టు పట్టుకుని, అంత తొందరలోనూ ఓపిగ్గా దాన్ని గీసి పెట్టాడు, మేస్త్రీ పొరపాటు పడకూడదని. నేను వెనక్కి తిరిగాను.

"అది నేను గీసిందే బిడ్డా" అని వెనక నుంచి అన్న గొంతు వినపడింది. "బొమ్మ చూడొద్దు, అంకె చూడుమని."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పెద్దసారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, అన్న ఏదో ఒక మాట అనేవాడు, నేను మధ్యలో దూరి అరిచేవాణ్ణి, మామూలు గొడవగా అయిపోయేది. పెద్దసారు "పర్లేదు సార్, సరిచేసేద్దాం" అన్నాడు. ఆ అమ్మాయి అక్కడికక్కడే గోడను వెనక్కి జరిపింది, నిమిషం పట్టలేదు. తర్వాత ఆ వంకర గీతను చెరిపేసింది. అది ఆమె తప్పు కాదు, ఇక ఆ గీతకు అక్కడ పని లేదు. అయినా నేను తెర మీంచి కళ్లు తిప్పుకున్నాను.

మర్నాడు అన్నను ప్లాట్ రూముకు మార్చారు. కొన్నాళ్లు అక్కడ చూసుకోండి, పెద్దవాళ్లుంటే పని పద్ధతిగా ఉంటుందని మర్యాదగానే చెప్పారు. నేను ఊరుకోలేదు. తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లాను. "ఒక్క పొరపాటుకా సార్? ఇంతకాలం చేసింది లెక్కలోకి రాదా?" అని గొంతు పెంచాను.

ఆయన నా గొంతు దిగేదాకా ఆగాడు. "కట్టేది ఆసుపత్రి. అందరూ ఒకే మోడల్‌లో పని చేస్తున్నారు. రేపు షీట్లు పంపేటప్పుడు మళ్లీ ఒక ఫోన్ వస్తే, ఆయన ఏం చేస్తారు? మీరే చెప్పండి, మీకు నాకంటే బాగా తెలుసు కదా."

మళ్లీ ఫోన్ వస్తే అన్న మళ్లీ అంకె మారుస్తాడు, కింద వంకర గీత వేస్తాడు. అది నాకు తెలుసు. అందుకే నోరు మూసుకుని బయటికి వచ్చేశాను. అన్నను గట్టెక్కించడం నా వల్ల కాలేదు.

కొన్నాళ్లు ఆయన ప్లాట్ రూములో పని చేశాడు. మధ్యాహ్నం నా డబ్బా తీసుకుని నేనూ అక్కడికే వెళ్లేవాణ్ణి. మిషన్ వేడికి స్వెటరు విప్పేసి కూర్చునేవాడు. షీట్లు ఎంత పెద్దవైనా అంచుకు అంచు కలిపి, షీటు నంబరు పైకి కనపడేలా మడత పెట్టేవాడు. ఒకరోజు ఒక షీటును మడత పెట్టబోయి ఆగి, పరిచి చూస్తున్నాడు. అది నేను చేసింది. "మంచిగొచ్చింది తమ్మీ" అన్నాడు. వెనకాలే ఇంకో మాట వస్తుందని, ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. మడత పెట్టి కవర్లో పెట్టేశాడు. నా పనిని చూసి ఆయన ఎగతాళి చేయకుండా వదిలేయడం నేనెప్పుడూ ఎరగను. నాకు భయం వేసింది.

ఆ తర్వాతి సోమవారం రాలేదు. ఫోన్ చేస్తే "పాణం మంచిగ లేదు" అన్నాడు. రెండోసారి చేస్తే "ఇగ రాను తమ్మీ" అన్నాడు. ఆఫీసువాళ్లు శాలువా కప్పి పంపుతామంటే వద్దన్నాడు. వదినతో మాట్లాడాను. "ఏమంటలేడు, తింటుండు, పంటుండు" అంది. అంతకంటే ఆమెకూ తెలియదు.

కొన్ని వారాలకు ఆసుపత్రి మెట్లలో మార్పులొచ్చాయి. ఆ పని నాకు ఇచ్చారు. మెట్ల మీద మౌసు పెట్టి నొక్కితే కదల్లేదు. తెర మీద ఒక పెట్టె వచ్చింది. అందరం ఒకే బిల్డింగులో పని చేస్తాం కాబట్టి, ఒకరు ఏదైనా భాగం పట్టుకుని పని చేస్తుంటే, వాళ్లు వదిలిపెట్టేదాకా ఇంకొకరు దాన్ని మార్చడానికి వీల్లేదు. ఈ మెట్లు ఫలానా వ్యక్తి దగ్గర ఉన్నాయి, ఆయన్ని అడిగి విడిపించుకోండి అని ఆ పెట్టెలో రాసి ఉంది. అక్కడ ఉన్నది మా అన్న పేరు.

మీటింగుకు పిలిచిన రోజు ఆయన ఆ మెట్లే చేస్తున్నాడు. మధ్యలో లేచి వచ్చాడు, మళ్లీ ఆ కంప్యూటరు ముందు కూర్చోలేదు. ఆ రోజు చేసిన పని సేవ్ కాలేదు, పోయింది. పేరు మాత్రం మిగిలింది.

"ఆయన పేరుతో లోపలికెళ్లి వదిలించేయండి సార్, ఒక్క క్లిక్కే కదండి" అంది ఆ అమ్మాయి. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ బోర్డుల కాలం నుంచీ మాకు ఒక మర్యాద ఉంది. ఒకరి బోర్డు మీదున్న షీటును ఇంకొకరు అడగకుండా ముట్టుకోరు, అది ఎంత చిన్న పనైనా సరే. నేను వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాను.

"అన్నా, ఆ ఆసుపత్రి మెట్లు నీ దగ్గరే ఉండిపోయాయి. నువ్వు వదిలితే గానీ ఇక్కడ పని జరగదంట" అన్నాను.

"నా దగ్గరేమున్నయి తమ్మీ?" అన్నాడు. "నేనేం తేలే. నా స్కేలు, నా స్వెటరు, గవ్వే తెచ్చుకున్న. కావాలంటే ఇంటికొచ్చి చూసుకోమను."

దొంగతనం అంటగడుతున్నారనుకున్నాడు. నాకు ప్రాణం చివుక్కుమంది. గబగబా అంతా చెప్పాను, పెట్టె గురించి, పేరు గురించి.

"ఇంక నా పేరు మీదనే ఉన్నయా?" అన్నాడు.

"ఉన్నాయన్నా."

"నేను ఇడిస్తెనే వేరేటోళ్లు ముట్టాలెనా?"

"అంతే."

"అయితే జర ఉండనియ్యి తమ్మీ. ఇయ్యాల్టికి ఉండనియ్యి. రేపు తీసెయ్యి."

లోపలికి వెళ్లి, ఆయన ఫోన్ ఎత్తలేదు, రేపు చేద్దాం అని ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె నా ముఖం ఒకసారి చూసింది. "సరేనండి" అని తన సీటుకు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నేనింకా స్కూటరు స్టాండు వేయలేదు, ఆయనే ఫోన్ చేశాడు. "ఇగ తీసెయ్యి తమ్మీ" అన్నాడు. కాస్త ఆగి, "నిన్నంత మంచిగనిపించింది" అన్నాడు.

పైకి వెళ్లి, ఆయన పేరు టైపు చేసి, వదిలెయ్ అన్నచోట నొక్కాను. మళ్లీ నా పేరుతో వచ్చి మెట్ల మీద మౌసు పెట్టాను. ఈసారి ఏ పెట్టే రాలేదు. మెట్లు నా పేరు మీదికి వచ్చేశాయి. అప్పుడు ఏడ్చాను, ఆఫీసులో, పిల్లలందరి మధ్య, పొద్దున్నే.